కాలువ కట్టేస్తే ఈవెంట్లు ఎక్కడ నిలుస్తాయి? సర్వర్ ఈవెంట్ రూటర్ల పోలిక, ఎంపిక సలహా

భీమవరం పక్కన ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీ ఉందనుకోండి. కోల్డ్ రూముల కంట్రోలర్లు, జనరేటర్ ప్యానెల్, కాటా దగ్గరి కంప్యూటర్, బిల్లింగ్ సర్వర్, ఫైర్‌వాల్, సీసీ కెమెరాల రికార్డర్ ఇలా ప్రతిదీ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. తలుపు తెరిచారు, కంప్రెసర్ ఆగింది, ఫలానా యూజర్ పాస్‌వర్డ్ తప్పు కొట్టాడు, డిస్కు నిండుతోంది. ఈ ఒక్కో కబురూ ఒక ఈవెంట్. వీటిని ఒకచోట చేర్చి, ఏది రాజమండ్రి ఆఫీసుకు పోవాలో, ఏది హైదరాబాదులోని క్లౌడ్ సర్వర్‌కు పోవాలో, ఏది మేనేజరు ఫోనులో మోగాలో, ఏది అక్కడికక్కడే పారేయాలో తేల్చే ప్రోగ్రామే ఈవెంట్ రూటర్.

దీన్ని ఎంచుకునేవాళ్లు ముందుగా వెతికేది సెకనుకు ఎన్ని లక్షల ఈవెంట్లు తోస్తుందన్న అంకె. మన దగ్గరి రైసు మిల్లుకో, ఆసుపత్రికో, మేతల ఫ్యాక్టరీకో ఆ అంకెతో పని లేదు. సెకనుకు వంద, రెండు వందల ఈవెంట్లు ఏ రూటరైనా నిద్రలో మోస్తుంది. తేడా కనిపించేది అవతలి దారి మూసుకుపోయినప్పుడు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు ఎందుకు నింపుకుంటామో తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. లైను తెగితే ఈవెంట్లు ఎక్కడ నిలుస్తాయి? నిలిచే చోటు నిండితే పాతవి పోతాయా, కొత్తవి పోతాయా, లేక వెనక్కి ఎగదన్ని మొత్తం ఆగుతుందా? కింద చెప్పే ప్రతి రూటర్‌నూ ఈ రెండు ప్రశ్నలతోనే తూచాం.

ముందు చెరువు లోతు లెక్క

రూటర్ పేరు తర్వాత, కొలత ముందు. ఒక సర్వర్‌లో గడిచిన గంట లాగ్‌ను (జరిగినవి వరసగా రాసుకునే చిట్టాను) జర్నల్‌సీటీఎల్‌తో బయటికి తీసి, డబ్ల్యూసీ కమాండుతో వరసలూ బైట్లూ లెక్కపెట్టండి. ఫైర్‌వాల్‌కు విడిగా చూడాలి. అది అనుమతించిన ప్రతి కనెక్షన్‌కూ ఒక వరస రాస్తుంటే మిగతా పరికరాలన్నీ కలిపినా దానికి సాటి రావు. అనుమతించినవి వదిలేసి, అడ్డుకున్నవి మాత్రమే పంపమని ఫైర్‌వాల్‌లోనే పెట్టుకుంటే సగం బరువు అక్కడే దిగిపోతుంది.

సెకనుకు 100 ఈవెంట్లు, ఒక్కోటి 400 బైట్లు అనుకుందాం. సెకనుకు 40 కిలోబైట్లు, గంటకు 144 మెగాబైట్లు, రోజుకు దాదాపు 3.5 గిగాబైట్లు. తుఫానుకు స్తంభాలు పడి మూడు రోజులు ఫైబర్ లేకపోతే నిలవ 10.4 గిగాబైట్లు. దానికి సగం కలిపి 16 గిగాబైట్ల చోటు విడిగా ఉంచాలి. విడిగా అంటే వేరే పార్టిషన్, డిస్కులో వేరు చేసిన భాగం. బఫర్‌ను, అంటే ఈవెంట్లు తాత్కాలికంగా నిలిచే చోటును, సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లోనే పెడితే లైను లేని మూడో రోజున రూటర్‌తో పాటు బిల్లింగూ పడిపోతుంది.

నింపడం ఒక లెక్కైతే ఖాళీ చేయడం ఇంకో లెక్క. దీన్ని చాలామంది మరిచిపోతారు. లైను వచ్చాక పాత నిలవ పోవాలి, కొత్తవీ పోవాలి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే పై నిలవ రెండున్నర గంటల్లోపు తీరుతుంది. 4జీ డాంగిల్ మీద 2 ఎంబీపీఎస్ మాత్రమే దొరికితే దాదాపు 14 గంటలు పడుతుంది. ఆ 14 గంటలూ తాజా కబుర్లు పాతవాటి వెనక వరసలో నిలబడతాయి. అలారాలకు వేరే దారి ఎందుకుండాలో ఇక్కడే తేలిపోతుంది. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

కాలువ వేరు, చెరువు వేరు

అంగట్లో దొరికేవన్నీ ఒక జాతి కావు. ఆర్‌సిస్‌లాగ్, సిస్‌లాగ్ ఎన్‌జీ, ఫ్లూయెంట్ బిట్, వెక్టర్, లాగ్‌స్టాష్ కాలువల్లాంటివి. ఒకచోట తీసుకుని, వడకట్టి, ఇంకోచోట పోస్తాయి. కాఫ్కా, రాబిట్ ఎంక్యూ, మస్కిటో, నాట్స్ చెరువుల్లాంటివి. పోసేవాళ్లు పోస్తారు, తోడుకునేవాళ్లు వాళ్ల వీలును బట్టి తోడుకుంటారు. రెండోరకాన్ని బ్రోకర్ అంటారు. కాలువకూ కొంత నిలవ గుణం ఉంటుంది, అదే డిస్కు బఫర్. ఒకే గమ్యం, మహా అయితే రెండు గమ్యాలు ఉన్న చోట కాలువ, దాని బఫర్ సరిపోతాయి. ఒకే ఈవెంట్‌ను ముగ్గురు నలుగురు వేర్వేరు వేగాల్లో చదవాలన్నా, నిన్నటివి మళ్లీ మొదటి నుంచి చదవాలన్నా అప్పుడు చెరువు తవ్వాలి.

ఆర్‌సిస్‌లాగ్: ఇంట్లో ఉన్నదే, కానీ మొదటి సెట్టింగే మోసం

ఉబుంటు సర్వర్‌లోనూ రెడ్‌హ్యాట్ కుటుంబంలోనూ ఇది మామూలుగా ముందే ఉంటుంది. స్విచ్, ఫైర్‌వాల్, యూపీఎస్ నెట్‌వర్క్ కార్డు మాట్లాడేది సిస్‌లాగ్ భాష కాబట్టి ఆ భాష వినేది ఒకటి ఎలాగూ కావాలి. 1980లలో సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాము కోసం పుట్టిన ఆ భాషకు ఇప్పటికీ రెండు యాసలున్నాయి. ఒకటి 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే ఇంటర్నెట్ పత్రంగా రాసిపెట్టిన పాతది, రెండోది 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5424. పాతదాని సమయంలో సంవత్సరం ఉండదు, టైమ్ జోన్ ఉండదు. ఐదున్నర గంటల తేడాతో లాగ్‌లు కనిపిస్తున్నాయంటే సగం సార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. ఒక పరికరం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), ఇంకోటి మన సమయంలో పంపుతుంటే అందుకునేవాడికి తేడా తెలిసే దారి లేదు. పరికరంలో 5424 ఎంచుకునే వీలుంటే అదే ఎంచుకోండి. లేదంటే అన్నిటినీ ఒకే జోన్‌లో పెట్టండి.

ఆర్‌సిస్‌లాగ్‌లో రెండు ఎట్ గుర్తులు పెట్టి అవతలి సర్వర్ పేరు రాస్తే టీసీపీ (ముందు కనెక్షన్ పెట్టుకుని పంపే పద్ధతి) మీద పంపడం మొదలవుతుంది. ఇంటర్నెట్లో దొరికే సలహాలు ఎక్కువ భాగం అక్కడితో ఆగిపోతాయి. అలా వదిలేస్తే ఆ పంపకానికి సొంత క్యూ (పంపాల్సినవి వేచి ఉండే వరస) ఉండదు, మళ్లీ ప్రయత్నించే లెక్క సున్నా. లైను తెగితే ఈవెంట్లు గాలికే. మళ్లీ ప్రయత్నించే లెక్కను మైనస్ ఒకటి, అంటే వదలకుండా ప్రయత్నించు, అని మాత్రమే మారిస్తే ఇంకో చిక్కు వస్తుంది. ఈ ఒక్క పంపకం మొత్తం రూటర్‌ను పట్టి ఆపేస్తుంది, అదే మిషన్‌లో స్థానిక ఫైళ్లలో రాయడం కూడా నిలిచిపోతుంది. కాబట్టి నాలుగూ కలిపే పెట్టాలి: క్యూ రకం లింక్‌డ్ లిస్ట్, క్యూకు ఒక ఫైలు పేరు (ఇది ఇస్తేనే డిస్కు వాడుతుంది), గరిష్ఠ డిస్కు చోటు, వదలని పునఃప్రయత్నం. ఆగేటప్పుడు దాచమనే ఐదో సెట్టింగూ ఆన్ చేయండి. అయితే అది పద్ధతిగా షట్‌డౌన్ అయినప్పుడే పనిచేస్తుంది. కరెంటు టక్కున పోతే మెమరీలో ఉన్న భాగం పోయినట్టే. అందుకే యూపీఎస్‌ను కేబుల్‌తో సర్వర్‌కు కలిపి, బ్యాటరీ తగ్గగానే షట్‌డౌన్ చేయించే ఏర్పాటు రూటర్ సెట్టింగులంత ముఖ్యం. లైనక్స్‌లో ఆ పనికి నట్ అనే సాధనం ఉంది.

క్యూ ఫోల్డర్‌ను మామూలు చోటు నుంచి మార్చితే ఉబుంటులో యాప్ ఆర్మర్, రెడ్‌హ్యాట్‌లో ఎస్‌ఈ లైనక్స్ అనే భద్రతా కాపలాలు రాయనివ్వవు. లైను బాగున్నన్నాళ్లూ ఈ తప్పు బయటపడదు. క్యూ డిస్కు మీదికి దిగాల్సిన రోజే పడుతుంది.

యూడీపీ (రసీదు అడగకుండా విసిరేసే పద్ధతి) 514 పోర్టును ఒకే ఆవరణలో, వేరే దారి లేని పాత పరికరాలకు మాత్రమే వాడండి. అందులో పోయింది పోయినట్టు కూడా తెలియదు. టీసీపీ కూడా అనుకున్నంత నమ్మకం కాదు. కనెక్షన్ తెగిన క్షణంలో పంపే మిషన్ కెర్నెల్ బఫర్‌లో ఉన్న వరసలు అవతలికి చేరకుండానే పంపినట్టు లెక్క అయిపోతాయి. రెండు వైపులా ఆర్‌సిస్‌లాగ్ ఉంటే రెల్ప్ అనే పంపే పద్ధతి వాడితే ఆ బాధ ఉండదు, ఎందుకంటే అవతలివైపు అందిందని రసీదు ఇచ్చేదాకా ఇవతలివైపు వదలదు. ఇంటర్నెట్ మీదుగా అయితే టీఎల్‌ఎస్ (మధ్యలో ఎవరూ చదవకుండా రహస్య లిపిలో పంపే పద్ధతి) తప్పనిసరి, దానికి పోర్టు 6514.

సిస్‌లాగ్ ఎన్‌జీ రాత పద్ధతి ఆర్‌సిస్‌లాగ్ కంటే చదవడానికి హాయిగా ఉంటుంది. డిస్కు బఫర్ దీనికీ ఉంది, విడిగా అడిగితేనే వస్తుంది. ఫ్లో కంట్రోల్ అనే సెట్టింగును దారికి తగిలించకపోతే క్యూ నిండగానే వదిలేస్తుంది. మీ దగ్గర దీన్ని ముందే ఎరిగినవాళ్లు ఉంటే తీసుకోండి. కొత్తగా నేర్చుకునేట్టయితే ఆ శ్రమ వెక్టర్ మీద పెట్టడం మేలు.

ఫ్లూయెంట్ బిట్, వెక్టర్: అసలు పోటీ ఇక్కడ

కొత్తగా పెట్టుకునేవాళ్లు ఎక్కువమంది ఈ రెండింటి మధ్యే ఊగిసలాడతారు. ఫ్లూయెంట్ బిట్ సీ భాషలో రాసింది, వెక్టర్ రస్ట్‌లో. ఫ్లూయెంట్ బిట్ కొన్ని మెగాబైట్ల మెమరీతో మొదలవుతుంది కాబట్టి చెరువు గట్టు మీది రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులో ఇమిడిపోతుంది. వెక్టర్‌కు వంద మెగాబైట్ల చుట్టూ వదిలిపెట్టాలి. సర్వర్‌లో అది లెక్కే కాదు.

నిలవ విషయంలో మాత్రం ఇద్దరి స్వభావాలూ పూర్తిగా వేరు.

ఫ్లూయెంట్ బిట్ ఏమీ చెప్పకపోతే మెమరీలోనే నిలుపుతుంది, పంపడం విఫలమైతే మళ్లీ ఒక్కసారి మాత్రమే ప్రయత్నించి ఆ ముక్కను పారేస్తుంది. రెండూ మార్చాలి. సర్వీస్ భాగంలో స్టోరేజ్ పాత్, ప్రతి ఇన్‌పుట్‌లో స్టోరేజ్ టైప్ ఫైల్‌సిస్టమ్, ప్రతి అవుట్‌పుట్‌లో మొత్తం పరిమితి, రీట్రై లిమిట్‌కు పరిమితి లేదని రాయాలి. మొత్తం పరిమితి తప్పితే డిస్కు నిండిపోతుంది, మిగతా మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా బఫర్ ఉందనే భ్రమే మిగులుతుంది. అవుట్‌పుట్ పరిమితి నిండితే ఇది పాత ముక్కలను తీసేసి కొత్తవాటికి చోటిస్తుంది.

వెక్టర్‌లో ప్రతి గమ్యానికీ విడి బఫర్. ఏమీ చెప్పకపోతే 500 ఈవెంట్లు మెమరీలో, నిండితే ఆగడం. డిస్కు బఫర్ అడిగితే కనీసం దాదాపు 256 మెగాబైట్లు ఇవ్వాలి. నిండినప్పుడు ఆగాలా, కొత్తవి వదలాలా అన్నది మీ ఇష్టం. పాతవి తీసేసే పద్ధతి ఇందులో లేదు. డిస్కు బఫర్‌ను అర సెకనుకోసారి డిస్కు మీద గట్టిగా రాస్తుంది కాబట్టి కరెంటు పోయినా పోయేది ఆ కాస్తే.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మా దృష్టిలో ఎంపికను తేల్చేది ఇదే. తుఫాను రాత్రి మొదటి గంటలో ఏ కంప్రెసర్ ముందు ఆగింది, ఏ బ్రేకర్ ముందు పడింది అన్నది తర్వాత బీమావాళ్లకో కొనుగోలుదారుకో చూపించాలంటే మొదటి ఈవెంట్లు బతకాలి, కొత్తవి పోయినా ఫరవాలేదు. అక్కడ వెక్టర్. ఇప్పుడు చెరువులో ఆక్సిజన్ ఎంతుంది అన్నదే ముఖ్యమైతే రెండు రోజుల నాటి అంకెతో పని లేదు. అక్కడ ఫ్లూయెంట్ బిట్ పద్ధతే సరి.

వెక్టర్‌లో పడే గొయ్యి ఒకటుంది. ఒకే మూలం నుంచి రెండు గమ్యాలకు పంపుతూ, రెండింటినీ ఆగే పద్ధతిలో వదిలేస్తే, ఒకటి మూతపడగానే రెండోదీ ఆగుతుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలువ ఎగదన్ని, మొగకు మైళ్ల దూరంలో ఉన్న చేను మునిగినట్టే. ముఖ్యమైన గమ్యానికి పెద్ద డిస్కు బఫర్, ముఖ్యం కానిదానికి కొత్తవి వదిలేసే పద్ధతి పెడితే ఈ బాధ ఉండదు.

దారి మళ్లించే తీరులో ఫ్లూయెంట్ బిట్ ట్యాగులను నమ్ముకుంటుంది. ప్రతి ఈవెంట్‌కూ ఒక ట్యాగు, ప్రతి అవుట్‌పుట్‌కూ ఒక మ్యాచ్. ట్యాగులో అక్షరం తేడా పడితే ఏ అవుట్‌పుట్‌కూ సరిపోక ఆ ఈవెంట్ చప్పుడు లేకుండా మాయమవుతుంది. వెక్టర్‌లో షరతులు రాసి దారులు చీల్చవచ్చు. ఏ షరతుకూ నప్పనివి అన్‌మ్యాచ్డ్ అనే దారిలోకి పోతాయి. ఆ దారిని ఎక్కడికీ కలపకపోతే అవీ పోయినట్టే. ఏ రూటరైనా సరే, నప్పనివన్నీ పడే ఒక ఫైలు పెట్టి వారానికోసారి దాని సైజు చూడండి. వెక్టర్‌లో సెట్టింగులను నడపకముందే తనిఖీ చేసే వ్యాలిడేట్ కమాండు, నమూనా ఈవెంట్‌తో పరీక్ష రాసుకునే వీలు ఉన్నాయి. ఫీల్డులు మార్చే పని ఎక్కువుంటే ఈ ఒక్క సుఖం కోసమే దాన్ని తీసుకోవచ్చు.

ఇద్దరికీ వర్తించే మాట: ఈవెంట్లు ఫైలు నుంచి చదువుతుంటే ఆ ఫైలే అన్నిటికంటే మంచి చెరువు. ఎంతవరకు చదివామన్న గుర్తును ఫ్లూయెంట్ బిట్‌లో డీబీ ఫైలుగా అడిగి పెట్టించాలి. వెక్టర్ తన డేటా ఫోల్డర్‌లో తానే దాచుకుంటుంది. పాత లాగ్ ఫైళ్లను పక్కకు తీసే లాగ్‌రొటేట్‌లో కనీసం 7 రోజులు ఉంచండి, కాపీ ట్రంకేట్ (నకలు తీసి అసలు ఫైలును ఖాళీ చేసే పద్ధతి) వద్దు, కుదింపు ఒక విడత ఆలస్యంగా జరిగేలా పెట్టండి. ఇన్‌పుట్ నమూనాలో రొటేట్ అయిన పేర్లూ కలవాలి, కుదించినవి కలవకూడదు. లేదంటే రూటర్ ఆగి ఉన్న రాత్రి రొటేట్ అయిన ఫైలును మళ్లీ ఎవరూ తెరవరు. నెట్‌వర్క్ మీద వచ్చే సిస్‌లాగ్‌కు ఈ ధైర్యం లేదు. రూటర్ ఆగితే ఫైర్‌వాల్ మళ్లీ పంపదు.

లాగ్‌స్టాష్

దాని వడపోత శక్తి గొప్పది. చిత్రమైన పాత ఫార్మాట్లను విడగొట్టడంలో ఇప్పటికీ దిట్టే. కానీ జావా మీద నడుస్తుంది, ఏమీ చేయకుండానే 1 గిగాబైట్ హీప్ (జావాకు కేటాయించే మెమరీ) కావాలి. క్యూ మామూలుగా మెమరీలోనే ఉంటుంది. పెర్సిస్టెడ్ అని మారిస్తే డిస్కు మీదికి వస్తుంది, పరిమితి ముందుగా 1 గిగాబైటే. పై లెక్కలో అది ఏడు గంటల నిలవ మాత్రమే. ఎలాస్టిక్ కుటుంబమంతా (లాగ్‌లు వెతికే ఎలాస్టిక్‌సెర్చ్, దాని తోటివి) ముందే నడుస్తున్న చోట ఉంచండి. కొత్తగా దీని కోసం సర్వర్ కొనక్కర్లేదు.

చెరువు నిజంగా కావాలా?

ఆక్వా చెరువుల గట్ల మీది సెన్సర్లకు జవాబు సూటిగా ఉంది: ఎంక్యూటీటీ అనే సందేశ పద్ధతి, దాన్ని నడిపే మస్కిటో బ్రోకర్. 1999లో పైపులైన్లను శాటిలైట్ లింకు మీద గమనించేందుకు పుట్టిన పద్ధతి కాబట్టి నాసిరకం లైనుకు అలవాటు పడింది. ఒక్కో చెరువుకు ఒక టాపిక్ (సందేశాల చిరునామా), దాని కింద ఆక్సిజన్, ఉష్ణోగ్రత, ఏరేటర్ స్థితి. చివరి విలువను రిటెయిన్ చేయిస్తే, అంటే బ్రోకర్ దగ్గరే ఉంచుకోమంటే, కొత్తగా తెరిచిన ఫోనుకు వెంటనే అంకె కనిపిస్తుంది. పరికరం చనిపోతే బ్రోకరే ప్రకటించే లాస్ట్ విల్ సందేశాన్ని తప్పక వాడండి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ సెన్సర్ మౌనంగా ఉండటం, తక్కువ అంకె చూపించడం కంటే ప్రమాదం.

మస్కిటోతో వచ్చే తంటాలు ఎప్పుడూ అవే. 2.0 నుంచి ఏమీ రాయకపోతే అదే మిషన్‌లో తప్ప బయటివాళ్లకు తలుపు తీయదు. లిజనర్ (ఏ పోర్టులో వినాలో చెప్పే సెట్టింగు), పాస్‌వర్డ్ ఫైలు మీరే రాయాలి. రెండు పరికరాలకు ఒకే క్లయింట్ ఐడీ ఇస్తే ఒకటి వచ్చినప్పుడల్లా రెండోదాన్ని తోసేస్తుంది. ఒక బోర్డు మెమరీ కార్డును మక్కీకి మక్కీ కాపీ చేసి పది గట్లకు పంచితే జరిగేది ఇదే. పెర్సిస్టెన్స్, అంటే డిస్కు మీద దాచుకోవడం, మామూలుగా ఆఫ్. ఆన్ చేసినా డిస్కు మీద దాచేది అరగంటకోసారి. మధ్యలో కరెంటు పోతే ఆ అరగంట పోయింది. ఆటోసేవ్ 1800 సెకన్లను 60కి తగ్గించండి. లేని క్లయింట్ కోసం దాచే సందేశాల పరిమితీ 1000 మాత్రమే. అంటే మస్కిటో పెద్ద చెరువేం కాదు, తూము దగ్గరి చిన్న గుంట. దాని వెనక ఫ్లూయెంట్ బిట్‌నో వెక్టర్‌నో పెట్టి డిస్కు మీదికి ఎక్కించాలి. ఇంకో మాట: మామూలు మెమరీ కార్డులు నిమిషం నిమిషం రాతకు తట్టుకోవు. బోర్డుకు చిన్న ఎస్‌ఎస్‌డీ కట్టండి.

రాబిట్ ఎంక్యూ పని పంచే చోటికి. ఈ ఈవెంట్ వస్తే ఎస్‌ఎమ్‌ఎస్ పంపు, ఆ ఈవెంట్ వస్తే ఇన్వాయిస్ తయారుచెయ్యి అన్నట్టు ఒక్కో కబురూ ఒక్కరే ఒక్కసారి చేయాల్సిన పనైతే దీనికి మించినది లేదు. వంతులవారీగా పనివాళ్లకు పంచుతుంది, పూర్తయిందని రసీదు వస్తేనే తీసేస్తుంది. క్యూ డ్యూరబుల్ (రీస్టార్ట్ అయినా నిలిచేది) అయినా సందేశం పెర్సిస్టెంట్ (డిస్కు మీద రాసేది) కాకపోతే రీస్టార్ట్‌లో పోతుంది. రెండూ పెట్టి, పంపేవైపు కన్‌ఫర్మ్‌లు (బ్రోకర్ అందుకుందన్న రసీదులు) ఆన్ చేయాలి. ఏ క్యూకూ నప్పని సందేశాలను ఇదీ మాట్లాడకుండా పారేస్తుంది, అవి వెళ్లి పడేందుకు ఆల్టర్నేట్ ఎక్స్‌చేంజ్ పెట్టుకోండి. డిస్కు ఖాళీ హెచ్చరిక హద్దు ముందుగా 50 మెగాబైట్లే ఉంటుంది. కనీసం 2 గిగాబైట్లు చేయండి.

కాఫ్కా గురించి అడగని కాలేజీ ప్రాజెక్టు లేదు. 2011లో లింక్డ్‌ఇన్ బయటపెట్టిన ఈ లాగ్ చదివినా చెరగదు, ఏడు రోజులు ఉంచడం మామూలు. ఎవరికి వారు తమ గుర్తు నుంచి చదువుకోవచ్చు, వెనక్కి పోయి మళ్లీ చదవవచ్చు. ఆ గుణం నిజంగా కావలసినవాళ్లకు ప్రత్యామ్నాయాలు తక్కువ. 4.0 నుంచి జూకీపర్ అనే ఇంకో సర్వర్‌ను విడిగా నడపాల్సిన బెడద కూడా పోయింది. అయినా ఒకే ఒక్క సర్వర్‌లో కాఫ్కా పెట్టడం మా సలహా కాదు. ప్రతి సందేశాన్నీ డిస్కు మీద గట్టిపరచకుండా, మూడు మిషన్లలో నకళ్లున్నాయన్న ధైర్యంతో నడిచే నిర్మాణం అది. నకలు లేని ఒక్క మిషన్ కరెంటు పోయి ఆగితే, అందాయని రసీదు ఇచ్చిన ఈవెంట్లూ పోవచ్చు. మూడు బ్రోకర్లు, నకళ్లు మూడు, కనీసం రెండింటిలో రాస్తేనే రసీదు, పంపేవైపు రసీదుల సెట్టింగు ఆల్. ఇంత పెట్టగలిగితేనే. సెకనుకు వంద ఈవెంట్లకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఆ పరిమాణంలో మళ్లీ చదివే గుణం కావాలంటే నాట్స్ జెట్‌స్ట్రీమ్ ఒక్క ప్రోగ్రాము ఫైలుతో నడుస్తుంది. రెడిస్ అనే మెమరీ డేటాబేస్ ముందే ఉంటే దాని స్ట్రీమ్స్ చాలు. సెకనుకోసారి డిస్కు మీద రాసే సెట్టింగు ఆన్ చేసి, ఒక సెకను నష్టానికి ఒప్పుకోవాలి.

అలారానికి వేరే తూము

లాగ్‌లు పోయే దారిలోనే అలారాలు పంపకండి. రూటర్ దగ్గరే చీల్చి, తీవ్రత 0 నుంచి 3 వరకు ఉన్నవాటిని (సిస్‌లాగ్‌లో అంకె తగ్గేకొద్దీ తీవ్రత ఎక్కువ), కోల్డ్ రూము మైనస్ 18 డిగ్రీలు దాటి పైకి ఎక్కుతున్నవాటిని చిన్న మెమరీ క్యూతో, వీలైతే వేరే సిమ్ మీద పంపండి. పదిహేను నిమిషాలకు మించి పాతబడిన అలారాన్ని పారేయడమే మంచిది. లైను వచ్చిన తెల్లారి మేనేజరు ఫోనుకు మూడు వందల పాత మెసేజీలు పడితే, ఆ మరుసటి రోజు నుంచి నిజం మెసేజీనీ చూడడు.

ఎస్‌ఎమ్‌ఎస్ తెలుగులో పంపాలంటే ఒక మెసేజీకి 70 అక్షర సంకేతాలే పడతాయి, ఇంగ్లీషులోలా 160 కాదు. గుణింతం గుర్తు కూడా ఒకటిగా లెక్క. పైగా సందేశ నమూనాను డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థలో) ముందే నమోదు చేయించాలి. రూటర్ తన ఇష్టమొచ్చినట్టు కూర్చిన వాక్యం దాటిపోదు. అందుచేత చెరువు నంబరు, అంకె, సమయం మాత్రమే మారే స్థిర నమూనా ఒకటి రాసుకోండి. తెలుగు అక్షరం యూటీఎఫ్ 8లో 3 బైట్లు. పాత సిస్‌లాగ్ యాస 1024 బైట్లకు కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి, అవతల జేసన్ అనే డేటా రూపాన్ని చదివే ప్రోగ్రాము ఆ ఈవెంట్ మొత్తాన్ని తిరస్కరిస్తుంది. లాగ్‌లో కోడ్ నంబరు ఉంచి, తెలుగు వాక్యాన్ని చివర్లో, ఫోనుకు పంపే చోట చేర్చడం మేలు.

రసీదు ఆలస్యమైతే మళ్లీ పంపే పద్ధతి ఏదైనా ఒకే ఈవెంట్‌ను రెండుసార్లు చేర్చవచ్చు. పుట్టిన చోటే ఒక ఐడీ, వరస సంఖ్య తగిలించండి. అందుకునే చోట అదే ఐడీ మళ్లీ వస్తే వదిలేయవచ్చు, వరసలో ఖాళీ ఉంటే పోయిన సంగతి బయటపడుతుంది.

గడియారం మాట మరవకూడదు. రాస్‌బెర్రీ పై 4 వరకు బోర్డు మీద బ్యాటరీ గడియారం లేదు. కరెంటు వచ్చాక నెట్ దొరికేదాకా పాత సమయంతోనే ఈవెంట్లు ముద్రిస్తుంది. చిన్న ఆర్‌టీసీ (బ్యాటరీ గడియారం) మాడ్యూల్ పెట్టండి. అందుకున్న సమయాన్ని కూడా రూటర్ విడి ఫీల్డులో రాయాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం గడియారాలను ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయ సర్వర్లతో గానీ, వాటితో జతైన సర్వర్లతో గానీ కలపాలి, లాగ్‌లను దేశంలో 180 రోజులు ఉంచాలి. పై లెక్కలో అది 620 గిగాబైట్ల ముడి సరుకు. జెడ్‌స్టాండర్డ్ అనే కుదింపు సాధనంతో కుదిస్తే మామూలు టెక్స్ట్ లాగ్‌లు చాలా చిన్నవవుతాయి, 1 టెరాబైట్ డిస్కు హాయిగా సరిపోతుంది.

ఎవరికి ఏది

ఒకటే సర్వర్, ఒక ఫైర్‌వాల్ ఉన్న తణుకు వైపు మిల్లుకు ఆర్‌సిస్‌లాగ్, డిస్కు క్యూ, అంతే. కొత్తగా ఏదీ పెట్టొద్దు. పది ఇరవై సర్వర్లున్న ఆసుపత్రికీ, కోల్డ్ స్టోరేజీకీ పరికరాల వైపు ఆర్‌సిస్‌లాగ్, మధ్యలో ఒక మిషన్ మీద డిస్కు బఫర్‌తో వెక్టర్. కోనసీమలోనో, నరసాపురం కింద శివారు ఊళ్లలోనో ఉన్న ఆక్వా చెరువులకు గట్టు మీద మస్కిటో, ఫ్లూయెంట్ బిట్. శివారు భూములకు నీళ్లు చివర అందినట్టే అక్కడికి నెట్ కూడా ఆఖర్న వస్తుంది కాబట్టి నిలవ పెద్దదిగా, గట్టు మీదే ఉండాలి. కంటైనర్లు (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే పద్ధతి) వాడే సాఫ్ట్‌వేర్ సంస్థకు ఫ్లూయెంట్ బిట్. ఆ కంటైనర్లను నడిపే డాకర్ లాగ్‌లకు మామూలుగా సైజు పరిమితి ఉండదని గుర్తుంచుకుని అది ముందు పెట్టండి. మూడు మిషన్లు, వాటిని చూసుకునే మనిషి ఉన్న కాకినాడ స్థాయి సంస్థ అయితే కాఫ్కా గురించి ఆలోచించవచ్చు.

ఏది పెట్టినా వాడకంలోకి తెచ్చే ముందు ఈ పరీక్ష చేయండి. లాగర్ కమాండుతో 1 నుంచి 10000 వరకు అంకెలు వేసి ఈవెంట్లు పంపడం మొదలుపెట్టండి. 3000 దగ్గర నెట్ కేబుల్ పీకండి. 6000 దగ్గర రూటర్ మిషన్ కరెంటు ప్లగ్గే లాగేయండి, షట్‌డౌన్ కాదు. మళ్లీ ఆన్ చేసి ఆగిన అంకె నుంచి కొనసాగించి, 10000 అయ్యాక కేబుల్ పెట్టండి. అవతలి వైపు చేరిన అంకెలను వరసపెట్టి చూడండి. 6000 ముందు కాసిని లేకపోతే అది కరెంటు నష్టం, యూపీఎస్ సంగతి చూసుకోవాలి. 3000 తర్వాత వేలల్లో లేకపోతే డిస్కు బఫర్ సరిగా పనిచేయడం లేదు. కొన్ని రెండుసార్లు వచ్చి ఉంటే భయం లేదు. బఫర్ పరిమితిని కావాలని 300 మెగాబైట్లకు తగ్గించి, అది నిండేదాకా పంపి, పోయినవి ముందువా వెనకవా అన్నది కూడా కాగితం మీద రాసి సర్వర్ ర్యాక్ తలుపుకు అంటించండి.